మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి

ఆ రోజుల్లో అమీర్‌పేటలో గోడలు కనపడేవి కావు, కోర్సుల పేర్లు కనపడేవి. ఇంజనీరింగు చదివినవాళ్ళూ ఎమ్మెస్సీలు చదివినవాళ్ళూ, చదివింది చాలదని తెలిసి మళ్ళీ చదవడానికి అక్కడికి వచ్చేవాళ్ళు. వాళ్ళు ఏం చదవాలో చెప్పే ఉద్యోగం నాది. ఒక కోచింగ్ సెంటరులో, మేడమీద గాజు తలుపు పక్కన కూర్చుని, లోపలికి వచ్చిన ప్రతివారినీ "డిగ్రీ అయిపోయిందా?" అని అడిగేవాణ్ణి. అయిపోయిందనేవారు. నాకు అవలేదు. టై కట్టుకుని కూర్చున్నవాణ్ణి ఆ ప్రశ్న తిరిగి ఎవరూ అడగరు. మా మేనేజరుగారు ఒక్కరే అడిగారు. "ఏంటయ్యా, ఇంకా ఆఖరి సంవత్సరమేనా? ఈ వేసవిలో పాసైతే ఆ కుర్చీ నీది. లేకపోతే దాంట్లో కూర్చోడానికి బీటెక్కులు బయట నిలబడి ఉన్నారు" అన్నారు. నిజంగానే నిలబడి ఉన్నారు. ఏ కోర్సులో చేరితే ఉద్యోగం గ్యారంటీయో వాళ్ళకి అప్పుడే చెప్పి వచ్చాను.

నేను చదువుతున్నది దూరవిద్య. ఆ పేరు ఎవరు పెట్టారో గాని అన్యాయంగా పెట్టలేదు. పుస్తకాలు పోస్టులో రావాలి, పరీక్షలయ్యాక వచ్చేవి. ఆ ఏడు మాత్రం పాఠాలన్నీ ఇంటర్నెట్లో పెట్టామనీ, విద్యార్థులు ఇంటి దగ్గర హాయిగా కూర్చుని చదువుకోవచ్చనీ ప్రకటన వచ్చింది. ఇల్లంటే నాకు ఎస్.ఆర్. నగర్‌లో మంచానికీ మంచానికీ మధ్య పక్కకి తిరిగి నడవాల్సిన గది. కంప్యూటరు సంగతి అటుంచి, హాయిగా కూర్చోడానికే అందులో చోటు లేదు.

అందుకని సర్వరన్నను ఆశ్రయించాను. ఆయన నా రూమ్మేటు, మా కోచింగ్ సెంటరు కింద ఉన్న నెట్ సెంటరు చూసుకునేవాడు. జనగామ వైపు మనిషి, నాకంటే కాస్త పెద్ద. అసలు పేరు వాడే అవసరం ఎవరికీ రాలేదు. ఏది అడిగినా "సర్వర్ డౌన్ ఉంది, జర ఆగు" అనేవాడు. నెట్ రాకపోతే ఆ మాట. ఆకలైతే ఆ మాట. పొద్దున్నే లేపితే దుప్పట్లోంచి కూడా ఆ మాటే. (పెళ్ళి సంబంధం గురించి వాళ్ళమ్మ ఫోను చేసినప్పుడు కూడా ఇదే చెప్పాడు. ఆవిడ నిజంగానే ఆగింది, పాపం.) నేను డిగ్రీలో చేరితే తనూ చేరాడు. నీకెందుకన్నా అంటే, "నువ్వొక్కనివే చదివితే నీకు బోర్ కొడ్తది గదరా తమ్మీ" అన్నాడు. అంతకంటే మంచి కారణంతో చదువులో చేరినవాణ్ణి నేను ఆ తరవాత కూడా చూడలేదు.

పాఠం తెరిస్తే తెలుగు రాలేదు. గళ్ళూ ప్రశ్నార్థకాలూ వచ్చాయి.

"ఏంటన్నా ఇది?"

"అర్థశాస్త్రం."

"అది కాదు, ఈ గళ్ళేంటి?"

"ఫాంట్ లేదురా. సర్వర్ సుత..."

"డౌన్ ఉంది. ఆగుతాలే."

ఆగాను. ఎక్కడినుంచో ఫాంటు తెచ్చి ఎక్కించాడు. అక్షరాలు ఒక్కొక్క వరుసే, వీధి కుళాయి ముందు బిందెల్లాగా, నెమ్మదిగా కదిలి వచ్చాయి. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నానో లేదో సర్వరన్న నా భుజం తట్టాడు. "లెవ్వు, గిరాకీ ఉంది. గీ తెర మీద చూస్తే చదువు తలకెక్కదు. ప్రింట్ తీసిస్త, రూంల కూసొని చదువు." ఆయన్ని తప్పుపట్టను. అమీర్‌పేటలో ఏ జ్ఞానమైనా జిరాక్సు తీసి స్పైరల్ బైండింగు చేసేదాకా జ్ఞానంగా చెలామణీ అయ్యేది కాదు. మా దూరవిద్య స్టడీ సెంటరులో మిగతావాళ్ళు అడిగితే వాళ్ళకీ తలా ఒక ప్రతి తీసిచ్చాడు. ఆ రకంగా ఇంటర్నెట్ చదువు మా బ్యాచ్ మొత్తానికి కాగితాల రూపంలో అందింది.

ఆ కాగితాల్లో కొన్ని వాక్యాల కింద గీతలున్నాయి. గీత ఉన్నది ముఖ్యమైనదని మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. బళ్ళో మాస్టారు ఎరుపు పెన్సిలుతో గీయించిందే పరీక్షలో వచ్చేది. కాబట్టి ముందు గీతలున్నవి బట్టీపట్టాను. ప్రతి భాగం చివరా ఒకే వాక్యం కింద గీత ఉండేది. "మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి." తెర మీద చూసుంటే అదేమిటో నాకు తెలిసేదే, రోజూ అలాంటివి నొక్కి బతుకుతున్నవాణ్ణే. కాగితం మీదికి ఎక్కాక మాత్రం అది పాఠంలో భాగమైంది. ఇన్నిసార్లు చెప్పారంటే అర్థశాస్త్రంలో అదేదో మూలసూత్రమై ఉంటుందనుకున్నాను. "ధర పెరిగిన కొలదీ గిరాకీ తగ్గును. మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి" అని అసైన్‌మెంటులో గుండ్రని దస్తూరీతో రాసి, దాని కింద నేను కూడా గీత గీశాను.

అసైన్‌మెంట్లు పాసైతేనే హాల్‌టికెట్టు. హాల్‌టికెట్టు లేకపోతే పరీక్ష లేదు, పరీక్ష లేకపోతే కుర్చీ లేదు. ఆదివారం పంజాగుట్టలో ఒక కాలేజీ గదిలో మాకు క్లాసులు జరిగేవి. అర్థశాస్త్రం చెప్పే మేడమ్ ఆ ఆదివారం మా కాగితాల కట్ట బల్లమీద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఎక్కడ నొక్కాలి?" అన్నారు.

కట్టలోంచి కాగితాలు ఒక్కొక్కటే తిప్పారు.

"అందరూ ఇదే రాశారు. ఒకాయన 'పేజీ పైకి వెళ్ళండి' అని కూడా రాశారు." (ఆయన బస్సు కండక్టరు. ఆ వాక్యంలో ఆయనకి వింతేమీ కనపడలేదట.) "ఒకళ్ళది చూసి అందరూ కాపీ కొట్టారు. ఒక్కటి కూడా పాస్ చెయ్యను."

గాజు తలుపు పక్కన నా కుర్చీలో ఒక బీటెక్కు కూర్చుని టై సర్దుకోవడం నాకు స్పష్టంగా కనపడింది. అప్పుడు పక్కనుంచి సర్వరన్న లేచాడు.

"కాపీ కొట్టలే మేడమ్. యూనివర్సిటీ ఏం పెట్టిందో గదే రాసినం. పెద్దోళ్ళు నొక్కమంటే మేం వద్దంటమా?"

"చూడు నాయనా, ఆ పాఠం రాసిందే నేను. ఎవర్నీ ఎక్కడా నొక్కమని నేను రాయలేదు."

ఆవిడ రాసిన పాఠాన్ని ఎవరో తీసుకెళ్ళి ఇంటర్నెట్లో పెట్టారు. అక్కడ అదెలా ఉందో ఆవిడకి ఎవరూ చూపించలేదు. "రండి మేడమ్, అమీర్‌పేట ఎంత దూరం?" అన్నాడు సర్వరన్న. ఆవిడ వస్తారని నేననుకోలేదు. వచ్చారు. ముందు ఆవిడ, వెనక మా బ్యాచ్, పంజాగుట్ట నుంచి ఫుట్‌పాత్ మీద బారుగా నడిచాం. దారిలో కరపత్రాలు పంచేవాళ్ళు మేడమ్‌కి కూడా జావా కోర్సు కాగితం ఒకటి ఇచ్చారు. ఆవిడ దాన్ని శ్రద్ధగా చదివారు.

నెట్ సెంటరులో పేజీ తెరుచుకునేదాకా అందరం నిలబడ్డాం. తన పాఠం తెర మీద ప్రత్యక్షమయ్యేసరికి మేడమ్ ముఖంలో చిన్న సంతోషం కనపడింది, దాన్ని వెంటనే దాచుకున్నారు. కింద గీతతో ఆ వాక్యం ఉంది. "నొక్కుండ్రి మేడమ్" అన్నాడు సర్వరన్న, మౌసు ఆవిడ చేతికిస్తూ. నొక్కారు. చాలాసేపటికి తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో "ఈ పేజీ నిర్మాణంలో ఉంది" అని రాసి ఉంది. మరొకటి నొక్కారు. అదీ నిర్మాణంలోనే ఉంది. ఆవిడ అక్కడే కూర్చుని, మా కాగితాలన్నీ తెప్పించుకుని దిద్దారు. నాది తిరిగొచ్చేసరికి పాస్ మార్కులున్నాయి. నేను గీత గీసిన వాక్యం పక్కన ఎర్ర సిరాతో రాసి ఉంది: "నొక్కాను. ఏమీ రాలేదు."

డిగ్రీ వచ్చింది, కుర్చీ వచ్చింది. కొంతకాలానికి కోచింగ్ సెంటరే పోయింది, అది వేరే సంగతి. ఇప్పుడు నా పని దూరవిద్య పాఠాలు ఆన్‌లైన్‌లో పెట్టడం. పెట్టిన ప్రతి లింకునీ స్వయంగా నొక్కి చూస్తాను. "దానికి ప్రోగ్రాములున్నాయి సార్" అని ఆఫీసులో పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనిస్తాను.

సర్వరన్న నిరుడు పోయాడు. ఆయన నంబరు ఫోనులోంచి తీసెయ్యలేదు. మొన్న ఒక పాఠం సరిచూస్తూ, ఏదో ధ్యాసలో ఆ నంబరు కూడా నొక్కాను. ఈ నంబరు వాడుకలో లేదని ఒకమ్మాయి గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. సర్వరన్నకి అంత మర్యాద తెలియదు. జర ఆగు అనేవాడు. నెరిసిన తలతో, ఫోను చెవికి పెట్టుకుని, పాత అలవాటు కొద్దీ కాసేపు ఆగాను.