ఊకతో చేసిన సముద్రం

ధనరాజ్ సొంతగడ్డ మీద మమకారంతో ఆమదాలవలస తిరిగొచ్చాడని స్థానిక విలేకరులు రాస్తుంటారు. అదేం కాదు. హైదరాబాదులో తొమ్మిదేళ్లు కంప్యూటరు ముందు కూర్చుని, హీరోల నడుముకు కట్టిన తీగలను సినిమాల్లోంచి చెరిపేవాడు. చెరిపేవాడి పేరు తెర మీద వేయరు. కంపెనీ మూతపడింది, వచ్చేశాడు. ఇక్కడ బావ నరసింగరావుకు రైస్ మిల్లుంది. మిల్లు వెనక కొండలా ఊక ఉంది. కళాకారుల జీవితాలు చాలావరకు ఇలాంటి కారణాలతోనే మలుపు తిరుగుతాయి, ఒప్పుకునేవాళ్లు తక్కువ.

ఊక నీళ్లలా జారుతుందని అతను ఆ మిల్లులోనే గమనించాడు. నీలం రంగు కలిపి ఎత్తు మీంచి జారవిడిచి, కెమెరాలో వేగం తగ్గిస్తే అచ్చం వరదే. నురగ ఒక్కటీ కంప్యూటరులో కలిపేవాడు. ఆ పద్ధతిలో తీసిన రెండు చిన్న సినిమాలను జనం ఫోన్లలో విరగబడి చూశారు. గ్రాఫిక్స్ డైరెక్టరని పేరొచ్చింది. మూడోది గంటన్నర సినిమా. చివర్లో తాటిచెట్టంత అల, దాని ముందు హీరో ఉన్న ఒక తెప్ప, అదీ బొమ్మే.

అది పూర్తయ్యే వేళకు హైదరాబాదులో ఇంకో కంపెనీ పిలిచింది. మళ్లీ తీగలు చెరిపే పనే. సోమవారంలోగా జవాబు చెప్పాలి. ధనరాజ్ తేల్చుకోదలచాడు. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న మత్స్యకారుల ఊళ్లో శనివారం సినిమా వేస్తాడు. వాళ్లు ఆ అలను నమ్మితే డైరెక్టరుగా ఉంటాడు, లేకపోతే ఉద్యోగానికి పోతాడు. నరసింగరావు వద్దన్నాడు. విజయనగరంలో పెద్దమనుషులకు చూపిస్తే బాగుందనే అంటారు కదా అని అతని వాదన.

తుఫాను షెల్టరు హాల్లో తెర కట్టారు. అల లేచింది. హాలంతా ఒక్కసారిగా తిట్లు మొదలుపెట్టింది. ధనరాజ్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ముందు వరసలో కూర్చున్న బుల్లమ్మ, చేపలమ్మే ఆవిడ, వెనకే వచ్చింది.

“ఏటి బాబూ, నీ సినిమా నువ్వే సూడవా?”

అల కుదరలేదు కదా అన్నాడు.

“అలకేటైంది? అల నిజంగానే ఉన్నాది. కాబట్టే తిట్టినాం. తెప్ప మీదున్నోడికే బుద్ది నేదు. అంత అల వస్తంటే తెప్ప తిప్పుకుని పారిపోతాడేటి? ముక్కు అలకి పెట్టి ఎక్కించాల. నేకపోతే బోల్తా కొట్టేస్తాది.”

ధనరాజ్‌ది వరి పండించే ఇల్లు. నీళ్లొస్తే వెనక్కి పరిగెత్తడమే వాళ్లకు తెలుసు. హీరోచేత అదే చేయించాడు. అల ఊకతో చేశానని బుల్లమ్మకు చెప్పాడు. ఆవిడ నమ్మలేదు.

“మాకు సెప్పకు బాబూ, సముద్రం మేం సూడనిదేటి,” అని లోపలికి పోయింది.

ఆదివారం పొద్దున్నే కంపెనీకి రానని ఫోను చేశాడు. మిల్లు వెనకకెళ్లి బొమ్మ తెప్పను ఎత్తి, ముక్కును అల వైపుకు తిప్పి పెట్టాడు. ఊకంతా మళ్లీ పైకి ఎత్తాలి. ఉన్నది ఒకటే పార. ఇంకోటి పక్క మిల్లులో అడిగి తెమ్మని నరసింగరావును పంపాడు.