అమ్మమ్మ సంతకం పెట్టని ఫ్యాను

మా అమ్మమ్మ చదివింది ఎనిమిదో తరగతి. నేను దానికి రెండు తరగతులు ఎక్కువే చదివాను గానీ ఆ రెండేళ్లలో ఏం నేర్చుకున్నావంటే చెప్పలేను. అందుకని చదువు విషయంలో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ వెక్కిరించరు.

ఆ ఎనిమిదో తరగతితోనే ఆవిడ ఒక ఇంజనీరింగు కంపెనీలో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసింది. ఆ కంపెనీ గోడలు కట్టదు. ఎవరో కట్టిన పెద్ద పెద్ద భవనాలకు గాలీ, నీళ్లూ, కరెంటూ అమర్చిపెడుతుంది. నిప్పంటుకుంటే పొగను తరిమే ఏర్పాటు కూడా వాళ్లదే. ట్రేసింగు కాగితం మీద బొమ్మలు ఎక్కించడానికని చేరిన అమ్మమ్మ, గాలి కొలిచే మనిషి చెప్పాపెట్టకుండా ఉద్యోగం మానేసిన రోజున అతని మీటరు తీసి మెళ్లో వేసుకుంది. మళ్లీ తియ్యలేదు. అప్పటినుంచీ అందరూ ఆవిణ్ణి గాలమ్మ అనేవాళ్లు. ముందు వెనకాల అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు. ఆవిడ పలికేది కూడా.

మీటరు కంటే ఆవిడకు నమ్మకం దారం మీద. అల్లిక సూదికి జానెడు తెల్లదారం కట్టి, తలుపు సందు దగ్గర పట్టుకుని, అది ఎటు ఊగుతుందో ఎంత ఊగుతుందో చూసేది. ఇంట్లోనూ ఇదే పిచ్చి. పొయ్యి మీద పాలు పెట్టి ఆవిరి ఏ కిటికీ వైపు పోతోందా అని చూస్తూ నిలబడితే పాలు పొంగి పొయ్యి పాలయ్యేవి. తాతయ్య కుర్చీని నెలకోసారి గాలి వాటం చూసి జరిపేది. పాపం ఆయన అలవాటు కొద్దీ పాత చోట కూర్చోబోయి రెండుసార్లు నేలమీద పడ్డాడు.

కంపెనీలో అడుగుపెట్టగానే ఎదురుగోడ మీద పదకొండు ఫోటోలు. పైన ఇత్తడి అక్షరాలతో ‘మా నాయకత్వం, మా నైపుణ్యం’ అని ఉంటుంది. పదకొండుమందీ చేతులు కట్టుకుని, ఎవరో వాళ్లను ఏదో సాయం అడిగితే కుదరదని చెబుతున్నట్టు నిలబడి ఉంటారు. అందులో నడిమి ఫోటో డైరెక్టరుది. అమ్మమ్మ ఆయనకు కట్టుచేతుల సారు అని పేరు పెట్టింది. ఆయన కంపెనీకి వచ్చి మూడేళ్లయినా ఒక్క భవనం మెట్లెక్కిన పాపాన పోలేదు. అగ్నిమాపక శాఖవాళ్లు ఇచ్చే పరీక్షకుల లైసెన్సు ఆ పదకొండుమందిలో ఒక్కరికీ లేదు. దానికి పరీక్ష రాయాలి, తర్వాత పన్నెండు అంతస్తులు నడిచి చూపించాలి. ఫోటో అయితే కింది అంతస్తులోనే తీస్తారు. ఆ లైసెన్సు మొత్తం కంపెనీలో మా అమ్మమ్మ ఒక్కదానికే ఉంది. ఏ భవనం కాగితమైనా ఆవిడ సంతకం పడితేనే కదులుతుంది.

ఇది జరిగేనాటికి ఆవిడ రిటైర్మెంటుకు ఇంకో నెల ఉంది. రెండేళ్లు పొడిగిస్తానని సారు మాట ఇచ్చాడు, కాగితం మాత్రం చేతికివ్వలేదు. ఆవిడకు ఆ రెండేళ్లు ప్రాణం. “ఇంట్లో కూర్చుని మీ తాత గురక వినడానికా నేను ఇన్ని మెట్లెక్కింది?” అనేది నాతో.

అప్పుడే పిల్లల ఆసుపత్రి భవనం పూర్తయింది. తొమ్మిది అంతస్తులు. నిప్పంటుకున్నప్పుడు మెట్లదారిలోకి పొగ రాకుండా పైకప్పు మీద ఒక పెద్ద ఫ్యాను పెట్టారు. అది బయటి గాలిని మెట్లలోకి గట్టిగా నెడితే పొగ ఇవతలే ఆగిపోతుంది, పిల్లల్ని ఎత్తుకుని దిగిపోవచ్చు. సారు కొత్త పద్ధతి తెచ్చాడు. ఎవరూ భవనం దాకా వెళ్లక్కర్లేదు, ఆఫీసులో తెర మీద ఫ్యాను బొమ్మ పచ్చగా వెలిగితే చాలు, సంతకం పెట్టెయ్యడమే.

అమ్మమ్మ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్లి చూసొచ్చింది. ఫ్యాను వేయించి, ఆరో అంతస్తులో మెట్లదారి తలుపు తోసింది. ఆ తలుపు అవతలినుంచి ఎవరో ఆనుకుని నిలబడ్డట్టు మొరాయించాలి. చిటికెన వేలికే తెరుచుకుంది. సందు దగ్గర దారం పడితే కునుకు తీస్తున్నట్టు వేలాడింది.

మర్నాడు మీటింగు గదిలో తెర వెలిగించారు.

“చూశారా మేడమ్? ఫ్యాను పచ్చగా ఉంది. తిరుగుతోంది,” అన్నాడు సారు.

“తిరుగుతోంది సార్. ఎటు తిరుగుతోంది?”

“ఎటేంటండీ? తిరగడమంటే తిరగడమేగా. గాలి మెట్లలోకే వస్తోంది.”

“ఈ రకం ఫ్యాను రివర్సులో తిరిగినా గాలి అటే వస్తుంది సార్. కాకపోతే సగం కూడా రాదు.”

“రివర్సులో తిరిగితే గాలి కూడా రివర్సులో పోతుంది మేడమ్. చిన్నపిల్లాడికైనా తెలుసు,” అని ఆయన నవ్వాడు. మిగతా పదిమందీ ఆయన మొహం చూసి, నవ్వాల్సిందేనని రూఢి చేసుకుని, అప్పుడు నవ్వారు.

చిన్నపిల్లాడికి తెలిసింది ఇంట్లో సీలింగు ఫ్యాను గురించి. మెట్లదారి ఫ్యాను నత్తగుల్లలో పెట్టిన డ్రమ్ములా ఉంటుంది. మోటారుకు వెళ్లే మూడు తీగల్లో రెండు అటూ ఇటూ అయితే వెనక్కి తిరుగుతుంది, కానీ గుల్లకున్న దారి ఒక్కటే కాబట్టి గాలి ఆ దారినే నీరసంగా వస్తుంది. చూసేవాడికి తప్పు కనపడదు. తెరకు అసలే కనపడదు, మోటారుకు కరెంటు అందుతోందా లేదా అన్నదే దానికి తెలుసు. నాకే అర్థమైంది. పదకొండుమంది నిపుణులకు అర్థం కాలేదు.

అర్థం కాకపోయినా వాళ్లు ఊరికే కూర్చోలేదు. కమిటీ వేశారు. నాలుగు రోజుల్లో నలభై పేజీల నివేదిక రాశారు. గాలి తగ్గిందేమోనన్న అనుమానం ఉంటే ఇంకా పెద్ద మోటారు పెట్టొచ్చని, అయితే అనుమానం నిరాధారమని తేల్చారు. తీగలు మార్చడం ఎలక్ట్రీషియనుకు పది నిమిషాల పని. కానీ ఆ తీగలుండే కరెంటు పెట్టెకు, అదే ప్యానెల్‌కు, సారు సీలు వేశాడు, దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ అనుమతి లేదు. పైగా అదే నమూనా ప్యానెల్ అంతకుముందే, ఆవిడ ఎప్పుడో సంతకం పెట్టిన నాలుగు పాత భవనాల్లో, పాతది పీకి బిగించారు. ‘ఒకే నమూనా, ఐదు భవనాలు’ అని ఆయన ఊరూరా ఉపన్యాసాలు ఇస్తున్నాడు.

“సంతకం పెట్టేస్తే ఏం పోయింది?” అని తాతయ్య నివేదిక వచ్చిన సాయంత్రం అడిగాడు. “ఎప్పుడో నిప్పంటుకుంటే కదా.”

“పిల్లల ఆసుపత్రండీ అది. నా పేరు నమ్మి ఆ మెట్లలోకి పరిగెడతారు,” అని, ఆయన కుర్చీ మరో మూలకు జరిపి, వెళ్లి పడుకుంది.

భవనం అప్పగించే రోజున ఆసుపత్రి పెద్ద నర్సూ, అగ్నిమాపక శాఖ అధికారీ వచ్చారు. మెట్లదారి తలుపు ముందు సారు కాగితం అందించాడు. అమ్మమ్మ పెన్ను తియ్యలేదు.

“ఏం, ఎందుకు పెట్టరు?” అన్నాడు అధికారి.

“సారునే ఒకసారి ఈ తలుపు తొయ్యమనండి.”

ఫ్యాను వేశారు. సారు ఒక్క వేలితో తలుపు తోశాడు. “చూడండి, ఎంత సాఫీగా ఉందో! మా పనితనం అది,” అన్నాడు. మిగతా పదిమందిలో ఇద్దరు చప్పట్లు కూడా కొట్టారు. అధికారి మాత్రం ఆ తలుపును తనూ ఒకసారి తోసి చూసి, సారు వంక అదోలా చూశాడు.

“పెద్ద నర్సుగారి ముందు చెబుతున్నా, పది నిమిషాలు ఇవ్వండి,” అంది అమ్మమ్మ. ఎలక్ట్రీషియన్ వైపు తిరిగి, “తమ్ముడూ, ఫ్యాను ఆపి పైకెళ్లు. ప్యానెల్లో రెండు తీగలు మార్చి మళ్లీ వెయ్యి,” అంది.

“సీలు ఉందక్కా.”

“నేను చెబుతున్నా, తియ్యి,” అన్నాడు అధికారి.

పది నిమిషాలకు పైన ఫ్యాను గొంతే మారిపోయింది. సారు మళ్లీ వేలు పెట్టాడు. తలుపు కదల్లేదు. అరచెయ్యి పెట్టాడు. తర్వాత రెండు చేతులూ, ఒక మోకాలూ వేస్తే తెరుచుకుంది, ఆ గాలికి ఆయన టై ఎగిరి భుజం వెనక్కి పోయింది. ఆయన చేతులు విప్పగా చూడ్డం అదే మొదటిసారని ఎలక్ట్రీషియన్ ఇప్పటికీ చెబుతాడు.

“ఇదీ తలుపంటే,” అంది పెద్ద నర్సు.

అప్పుడు అమ్మమ్మ పెన్ను తీసింది. సంతకం కింద ఇంకేదో రాయబోతుంటే సారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “మేడమ్, మీ పొడిగింపు కాగితం నా టేబుల్ మీదే ఉంది. ఈ ఒక్క భవనం గురించి రాసి ఊరుకోండి.”

“ఉండనివ్వండి సార్. ఎగిరిపోదులెండి, మీ గదిలో గాలి ఆడదు,” అని, ఇదే ప్యానెల్ ఉన్న మిగతా నాలుగు భవనాల్లోనూ పరీక్ష జరగాలని గుండ్రటి అక్షరాలతో రాసి, అధికారి చేతికిచ్చింది.

పొడిగింపు రాలేదు. మిగిలిన మూడు వారాల్లో ఆ నాలుగు భవనాలూ చూసి రమ్మని మాత్రం ఉత్తరువు వచ్చింది, ఎందుకంటే లైసెన్సు ఉన్నది ఇంకా ఆవిడకే. ఆవిడా ఎలక్ట్రీషియనూ బస్సుల్లో తిరిగారు. మూడు చోట్ల ఫ్యాను వెనక్కే తిరుగుతోంది, మార్చారు. నాలుగోది ఆవిడ చివరి పనిరోజున పడింది.

“ఇక్కడ మార్చేదేం లేదక్కా, ఫ్యాను సరిగ్గానే తిరుగుతోంది,” అన్నాడు ఎలక్ట్రీషియన్ పైనుంచి దిగుతూ.

“ప్యానెల్ వేరేదా?”

“అదే ప్యానెల్. అదే తప్పు. బిగించినవాడు మోటారు దగ్గర ఇంకో తప్పు చేశాడు. రెండూ కలిసి ఒప్పయ్యాయి.”

అమ్మమ్మ మెట్ల మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్విందట. “ఐదింట్లో మొదటినుంచీ పనిచేసింది ఇదొక్కటే, అదీ పొరపాటున. ఆ పొరపాటు చేసినవాడెవడో కనుక్కుని డైరెక్టర్ని చెయ్యమను,” అని, అయినా అన్ని అంతస్తుల తలుపులూ తోసి చూసి, సంతకం పెట్టి తేదీ వేసింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి బూట్లు వేసుకుని గడప దాకా వెళ్లింది. కాసేపు అక్కడే నిలబడింది. మళ్లీ వెనక్కొచ్చి బూట్లు విప్పి, తాతయ్యను టీ పెట్టమంది.

“అయితే ఇకమీదట కూడా నేనే పెట్టాలా?” అన్నాడాయన.

“మీకు రెండేళ్లు పొడిగించాను. వెళ్లండి.”