సులోచనక్క ముట్టని గిన్నె

నిన్న మధ్యాహ్నం అమీర్‌పేట హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. సులోచనక్క కిచెన్‌లో పడిపోయిందంట. హాస్పిటల్‌కి తీసుకెళ్ళేలోపే ప్రాణం పోయిందంట.

ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. పొయ్యి మీద అన్నం మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు.

మొన్న ఆదివారమే చర్చిలో నా పక్కన కూర్చుంది.

మా ఆయన ఫోన్‌లో టైప్ చేస్తున్నాను. ఎప్పుడూ ఏదీ పోస్ట్ చెయ్యలేదు. తప్పులుంటే ఏమనుకోకండి.

యూసుఫ్‌గూడలో మా పక్క రూమ్ అక్కది. లేడీస్ హాస్టల్‌లో వంట చేసేది. కంప్యూటర్ కోర్సులకొచ్చిన అమ్మాయిలు చారు బాలేదని గొణిగితే, జాబ్ వచ్చినంక తిట్టుండ్రి, అప్పటిదాక తాగుండ్రి అనేదంట. వాళ్ళు నవ్వుకుంటూ తాగేవాళ్ళంట.

పెళ్ళయి ఈ ఊరొచ్చిన కొత్తలో నాకు ఎవరితో మాట్లాడాలన్నా భయం. పంజాగుట్టలో కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉన్న మా చర్చికి నన్ను తీసుకెళ్ళింది అక్కే. అందరూ గట్టిగా ప్రార్థన చేస్తుంటే నాకు నోరు పెగిలేది కాదు.

"దేవునికి చెవుడు లేదు. నువ్వు మెల్లగన్నా ఇంటడు" అంది.

నాకైతే చెప్పింది. తన మాట వింటాడని మాత్రం తను నమ్మలేదు.

నెలలో మొదటి ఆదివారం మాకు ప్రభువు బల్ల ఉంటుంది, ఆయన చివరి భోజనానికి గుర్తుగా. రొట్టె, చిన్న గ్లాసుల్లో ద్రాక్షరసం ట్రేలో వరసగా వస్తాయి. ఆ గ్లాసునే ప్రభువు గిన్నె అంటాం. అక్క ఎప్పుడూ ముట్టుకునేది కాదు. ట్రే నాకు అందించి తల దించుకునేది. తర్వాత, అది చివరి వరసకి వెళ్ళేదాకా దాని వైపే చూసేది.

ఎందుకని అడగడానికి నాకు చాలా రోజులు పట్టింది.

చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పింది. వాళ్ళమ్మకి మతి తప్పితే ఎర్రగడ్డ ఆసుపత్రిలో చేర్పించిందంట. వచ్చేటప్పుడు అమ్మ వెనకాలే వచ్చి, దూపైతుంది బిడ్డా అని నీళ్ళడిగిందంట. తెస్తానని చెప్పి అక్క బస్సెక్కేసింది. మళ్ళీ వెళ్ళేసరికి అమ్మ ప్రాణాలతో లేదు.

"అమ్మకు నీళ్ళియ్యనిదాన్ని. ఆయన గిన్నె ఎట్ల ముట్టాలె?"

పాస్టర్ గారికి చెప్పుకోమన్నాను. చెప్పుకుంది. క్షమాపణ అందరికీ ఉందమ్మా అన్నారాయన. మెట్లు దిగుతూ, అందరికుంటది, నాకెందుకుంటది అంది నాతో.

మొన్న ఆదివారం మాత్రం గ్లాసు చేతిలోకి తీసుకుంది. పెదాల దాకా తీసుకెళ్ళింది. కొంచెం చీర మీద ఒలికింది.

ఇక తన వల్ల కాలేదు. గ్లాసు నా చేతిలో పెట్టేసింది.

"నాది సుత నువ్వే తాగమ్మా."

తాగాను.

ఈరోజు సమాధి దగ్గర పాస్టర్ గారు ప్రభువు కృప గొప్పదన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను. కానీ అక్క దాన్ని ఒక్క చుక్క రుచి చూడకుండా పోయింది.

ఇప్పుడు సుఖంగా ఉంటుందిలే అంటున్నారు అందరూ. నాకు అలా అనిపించడం లేదు. ఈ మాట ఎవరితో అనాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ప్రభువా, తను అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

అడగకపోయినా ఇవ్వు.

వెళ్ళిరా అక్కా. అక్కడైనా నీకు నెమ్మది దొరకాలి.