మా మామ తిరగరాసిన పాత పేపర్లు

మంగళవారం పొద్దున అంగట్లో ధనియాలు పొట్లం కడుతుండగా నంద్యాల ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేశాడు. "నాయన పోయినాడు" అన్నాడు, అంతే. చేతిలో పొట్లం సగం మడిచి ఉంది. దాన్ని పూర్తిగా కట్టి, ఎదురుగా నిలబడిన మనిషికి ఇచ్చి, అప్పుడు ఏడ్చాను. మా మామ చూసుంటే మెచ్చుకునేవాడు. బేరం మధ్యలో వదిలేస్తే ఆయనకు గిట్టదు.

ఆళ్లగడ్డలో మా దగ్గర పప్పో చింతపండో కొన్నవాళ్లకు మామ సంగతి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఎన్నిరకాల కవర్లు వచ్చినా ఆయన పాత పేపర్లోనే పొట్లం కట్టేవాడు. దారం తెంపాక, పొట్లం మీద ఏ శీర్షిక కనబడితే దాన్ని గట్టిగా చదివేవాడు. "అది వాళ్లు రాసింది. ఇప్పుడు మనం రాస్తాం, ఇను" అని తన శీర్షిక చెప్పేవాడు. కొన్నవాళ్లు కూడా అది వినందే కదిలేవాళ్లు కారు. "శెట్టీ, పేపరు సదువప్పా" అని నిలబడేవాళ్లు.

'ఆకాశాన్నంటిన ఉల్లి ధర' అని పేపరు అంటే, "కోయకముందే ఏడిపిస్తాండే ఎర్రగడ్డలు" అని మామ. 'త్వరలో రోడ్డు విస్తరణ' అని ఏనాటిదో వార్త వస్తే, "రోడ్డు ఎడల్పు కాదు, మీరే సన్నబడండి: సర్కారు" అన్నాడు. 'బెలుం గుహలకు పోటెత్తిన పర్యాటకులు' అన్న పొట్లం ఒకసారి ఆ గుహల పక్కనే ఉండే కొలిమిగుండ్ల ఆయన చేతిలోనే పడింది. "టికెట్టు కొని సెమట్లు పట్టించుకున్న జనం" అన్నాడు మామ. గుహల లోపలి ఉక్క ఎరిగిన మనిషి కదా, మెట్టు మీద కూలబడి నవ్వాడు.

నంద్యాల నుంచి కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకిదంతా పిచ్చిగా తోచింది. "నిన్నటి పేపరే ఎవురూ సదవరు మామా, ఇంత పాతది యాటికి?" అని అడిగేశాను.

"కొత్త పేపరు బయపెడతాదమ్మా. పాతది సూడు. ఆ పొద్దు లోకమే మునిగిపోతాదన్నారు. మనం ఈడే ఉండాం, కందిపప్పు అమ్ముకుంటాండాం" అన్నాడు.

కొన్నాళ్లకు నేనూ మొదలుపెట్టాను. నేనేం చెప్పినా "ఉప్పు సాల్లేదమ్మా" అనేవాడు. నాకు ఒళ్లు మండేది.

ఆయన చేసిన తప్పు కూడా చెప్పాలి. చెప్పకపోతే మామను సగమే చెప్పినట్టు. ఏడెనిమిదేళ్ల కిందట, ఎండాకాలం. మా వీధిలో ఉండే కూతురిని చూడడానికి గోస్పాడు దిక్కు పల్లె నుంచి ఒకామె వచ్చేది. వచ్చినప్పుడల్లా మా అంగట్లో సరుకులు తీసుకుని, మామ మాటలకు వీధంతా వినపడేట్టు నవ్వేది. ఆ రోజు పెసరపప్పు పొట్లం మీద 'వాగులో ట్రాక్టరు బోల్తా' అని ఉంది. కింద ఊరి పేరు మాత్రం మిగిలి, వార్త చిరిగిపోయింది. మామ ఏమాత్రం ఆలోచించకుండా, "దప్పికై వాగులో దిగిన ట్రాక్టరు" అన్నాడు.

ఆమె నవ్వలేదు. పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఆ ట్రాక్టరు మాదే శెట్టీ. తోలింది మా ఇంటాయన. ఆ పొద్దే పోయినాడు" అంది. పొట్లం అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

మామ మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు, "నువ్వు గూడా రామ్మా, ఒక్కణ్ని పోలేను" అన్నాడు. నంద్యాలలో బస్సు మారి ఆమె ఊరికి వెళ్లాం. ఆమె వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. మామ చేతులు జోడించాడు. "తప్పయిపోయింది తల్లీ. సూసుకోకుండా అనేస్తి."

"నీకేం తెలుసులే శెట్టీ" అని చెంబుతో నీళ్లిచ్చింది. మళ్లీ మిరపకాయల దగ్గరికి వెళ్లిపోయింది. తిరుగు బస్సులో మామ కళ్లు తుడుచుకోవడం నేను చూసీ చూడనట్టున్నాను.

అప్పటి నుంచి వార్త అడుగుదాకా చదవనిదే నోరు తెరిచేవాడు కాదు. చావు వార్త ఉన్న కాగితంలో పొట్లమే కట్టేవాడు కాదు. నెమ్మదిగా మళ్లీ జనాన్ని నవ్వించాడు కానీ, ఆమె మాత్రం మా అంగడి మెట్టెక్కలేదు. కూతురితో తెప్పించుకునేది. "మీ యమ్మ వచ్చిందామ్మా? బాగుందా?" అని మామ ఆ పిల్లను అడగని రోజు లేదు. ఒకసారి నాకు విసుగొచ్చి, "ఆమె మర్చిపోయింటాది, ఇడ్సిపెట్టు మామా" అన్నాను.

"ఊరంతా నవ్వితే ఏం లాభమమ్మా? ఆయమ్మ ఒక్కతూరి మళ్లా నవ్వితే సాలు నాకు" అన్నాడు. ఆ కోరిక అట్లాగే పెట్టుకుని పోయాడు.

ఆడబిడ్డ రావాలని ఆయనను మరునాటి దాకా ఉంచాం. బుధవారం పొద్దున అరుగు మీద పడుకోబెట్టి ఉండగా ఆ గోస్పాడు దిక్కు ఆమె వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. మామ కాళ్లకు దండం పెట్టి, నా పక్కన కూర్చుంది. కాసేపటికి, "పేపర్ల ఏసినారా? ఏమని ఏసినారు?" అని అడిగింది.

మా ఆయన పేపరు తెచ్చి ఇచ్చాడు. జిల్లా పేజీలో ఓ మూల రెండు ముక్కలున్నాయి. "'ఆళ్లగడ్డ వ్యాపారి మృతి. పలువురి సంతాపం'" అని చదివాను.

ఆమె మామ వైపు చూసింది. "అట్లనా ఏసేది? 'బమ్మ రాసిన రాతలు దిద్దేకి పైకి పోయిన శెట్టి' అని ఏయొద్దా?" అంది.

ఏడుస్తున్న మా అత్తే ముందు నవ్వింది. ఆ వెంటనే ఆమె కూడా నవ్వేసింది, వీధంతా వినపడేట్టు. నేను అలవాటు కొద్దీ మామ ముఖం వైపు చూశాను, విన్నాడేమోనని.