సమ్మెటక్క చెంప మీది పుండు

క్వారీలో అందరూ ఆమెను సమ్మెటక్క అనేవాళ్లు. మగవాళ్లు నాలుగు దెబ్బలు వేసే బండను రెండు దెబ్బల్లో చీల్చేది.

ఆమె ఎడమ చెంప మీద ఓ పొక్కు లేచి, మూడు నెలలకు నడుమ గుంటపడిన పుండైంది. నొప్పి లేదు, మానదు.

"మాకూ అంటిస్తావా?" అంటూ మేస్త్రీ నీళ్ల డ్రమ్ము దగ్గర ఆమెను తోశాడు. చేతిలోని గ్లాసుతో అతని మూతి పగలగొట్టింది. అంతే, కంకరరాళ్లు మీద పడ్డాయి. నిన్నటిదాకా అక్కా అని పిలిచినవాళ్లే విసిరారు. నెత్తురు కళ్లలోకి కారుతుండగా ఇల్లు చేరింది.

ఇంట్లో తమ్ముడు గునపం మొన ఎర్రగా కాల్చి పెట్టాడు.

"కాలిస్తే పోతుందక్కా, ఓర్చుకో!"

మోకాలితో రొమ్ము మీద నొక్కిపెట్టి చెంపకు ఆనించాడు. మాంసం చుర్రుమంది. ఆమె అతని మణికట్టును ఎముక తగిలేదాకా కొరికింది. పది రోజులకు ఆమె చెంప మీది కాలిన గాయం చీము పట్టింది.

చర్మవ్యాధుల ఆస్పత్రిలో డాక్టరమ్మ పుండు అంచు గీకి మైక్రోస్కోపులో చూసింది.

"మనిషిని తాకితే అంటుకునేది కాదమ్మా. దోమకన్నా చిన్న ఈగ కుట్టి, కంటికి కనపడని పరాన్నజీవుల్ని చర్మంలోకి వదిలింది."

"అయితే వాటిని చంపండి."

సూదులు నేరుగా పుండులోకే దింపారు. ప్రతిసారీ ఆమె మంచం పట్టీని పిడికిట బిగించి బూతులు తిట్టేది. ఆరు వారాలైనా పుండు మూసుకోలేదు.

"సూదిమందు ఒక్కటే చాలట్లేదు," అంది డాక్టరమ్మ. "చెట్టు బెరడులోంచి తీసిన పదార్థంతో లేపనం చేశాం. రెండూ కలిపి వాడి పరీక్షిస్తున్నాం. తగ్గుతుందని మాటివ్వలేను. ఇష్టమైతేనే ఒప్పుకోండి."

"మా వీధి వైద్యుడూ ఆకుపసరు పోశాడు. మండింది తప్ప మానలేదు."

"అందులో ఏముందో అతనికే తెలీదు. ఇందులో ఏది ఎంతుందో మేం కొలిచాం."

సమ్మెటక్క ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది. లేపనం మొదలైన అయిదో వారానికి పుండు అంచులు చదునయ్యాయి. మూడో నెలకు ముడతల మచ్చ మిగిలింది.

తిరిగి పనికి వెళ్తే మేస్త్రీ అడ్డం నిలిచి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి మెలిపెట్టి అతన్ని కంకరకుప్ప మీద బోర్లా పడేసింది. చొక్కా చిరిగి, మెడ వెనక దాచుకున్న పుండు బయటపడింది. అదే గుంట. చుట్టూ ఉన్నవాళ్లు రాళ్ల కోసం వంగారు.

"రాయి ముట్టుకుంటే చేతులు విరిచేస్తా!" అని వాళ్ల మీద అరిచింది. తర్వాత మేస్త్రీతో, "లే. ఆస్పత్రికి నడు. క్షమించాననుకోకు, పళ్లు రాలగొట్టాలనే ఉంది," అంది.

ఆ నెలలో క్వారీ నుంచి తొమ్మిదిమంది పుండ్లు చూపించుకున్నారు. తమ్ముడితో మాత్రం ఆమె ఏడాదిపాటు మాట్లాడలేదు.