మౌజా తలుపు

ఎడారిని ఆనుకున్న బిదియా ఊరి చివర తారు రోడ్డు ఆగిపోయి ఇసుక మొదలయ్యే చోట నా షెడ్డు. ఆ ఇసుకలో బండి దిగబడినవాడు ముందు దేవుణ్ణి తలుచుకుంటాడు, తర్వాత హాషిల్‌కు ఫోన్ చేస్తాడు. దేవుడి సంగతి నాకు తెలియదు గానీ హాషిల్ మాత్రం వచ్చేవాడు. తాడు కట్టేవాడు, లాగేవాడు, లాగుతున్నంతసేపూ ఆ బండి నడిపినవాణ్ణీ, వాడికి నడపడం నేర్పినవాణ్ణీ తిట్టిపోసేవాడు. తిట్లు ఉచితం.

అతని బండి రెండు తలుపులది. పొట్టిగా, మొండిగా, వెనక నుంచి చూస్తే మేకపోతులా ఉండేది. ఇసుక తిన్నె కొసకు ఎక్కినప్పుడు పొడుగు బండ్లకు ముందు చక్రాలు అవతలా, వెనక చక్రాలు ఇవతలా ఉండిపోయి, పొట్ట మధ్యలో ఇసుక మీద కూర్చుంటుంది. పొట్టి బండికి ఆ బాధ లేదు. దూకి అవతల పడుతుంది. ఈ విషయంలో హాషిల్ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. నేనూ ఇసుకలో బండ్లు బాగుచేసి బతికినవాణ్ణే.

ఆ శీతాకాలం అతని బండి ఛాసిస్ చిట్లింది. నేను అంతకుముందు అతుకు వేసిన చోటే. అతుకు మీద అతుకు వేసే పని నేను చేయను.

"ఇంకోటి కొనుక్కో. ఇది చిన్నాచితకా తిరుగుళ్ళకు కొన్నాళ్ళు వస్తుంది. లాగే పనికి మాత్రం రాదు" అన్నాను.

షోరూములో అదే బండి రెండు రకాలుగా ఉంది. రెండు తలుపులది, నాలుగు తలుపులది. ఇంజను ఒకటే, గేర్లు ఒకటే. హాషిల్ పొట్టిదానికి మాట ఇచ్చేసి వచ్చేవాడే. అతని భార్య మౌజా పిల్లలతో సహా నా షెడ్డుకొచ్చి అడ్డుపడింది.

"ఉస్తాద్, నువ్వే చెప్పు. ఈయన తమ్ముడు దర్వీష్ ఎక్కడికైనా మాతోనే వస్తాడు. ముందు సీటు వాడి తాత రాసిచ్చినట్టు వాడిదే. నేనూ ముగ్గురు పిల్లలూ వెనక. ఇల్లు రాగానే అన్నదమ్ములిద్దరూ దిగి టపామని తలుపులేస్తారు. ఇక మొదలు! ఎలా ఉన్నారు, పిల్లలెలా ఉన్నారు, ఒంటెలెలా ఉన్నాయి, వానలు పడ్డాయా, ఖబర్లేంటి? ఆ ఖబర్లు అయ్యేదాకా మేం లోపలే. ఎవరో ఒకరికి గుర్తొచ్చి ముందు సీటు మడవాలి, నేను ఒంటి మీది అబాయా ఎత్తిపట్టుకుని మేకలా బయటికి దూకాలి!"

"మర్యాద అన్నాక ఖబర్లు అడగొద్దా?" అన్నాడు హాషిల్.

"అడుగు. నేనూ అడుగుతా. నాకూ ఒక తలుపు కావాలి, అంతే."

"తలుపు కావాలంటే ఇంటికి పెట్టిస్తా. బండి నా కూడు. పొడుగు బండితో తిన్నె మీద వేలాడితే ఊరంతా నవ్వుతారు."

"నేను దూకేటప్పుడు నవ్వుతున్నారుగా. అప్పుడు నీకేం కాలేదు."

హాషిల్ నా వైపు చూశాడు. నేను స్పానరు కోసం వెతుక్కున్నాను.

శుక్రవారం మౌజా తల్లి గుబైషా, వాసిల్ ఊరి నుంచి కూతురింటికి వచ్చింది. భోజనానికి నన్నూ పిలిచారు. నల్లటి ముసుగు వెనక ఆమె కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అవి చాలు, హాషిల్ లాంటి ఆరడుగుల మనిషి ఇంట్లో చెప్పులెక్కడ విప్పాడో మర్చిపోతాడు. అతను స్వయంగా కాఫీ పోసి ఇచ్చాడు. ఆమె కప్పు తీసుకుంది, చాప మీద పెట్టింది. ముట్టలేదు.

ఇక్కడి ఆచారం అది. కప్పు అలా కింద పెట్టారంటే అడగవలసింది ఏదో ఉందన్నమాట. ఇస్తానని మాట వచ్చేదాకా ఆ కాఫీ చల్లారుతూనే ఉంటుంది, దానితోపాటు ఇంటాయన పరువూ.

"తాగండి అత్తయ్యా. ఏదడిగినా ఇచ్చినట్టే" అన్నాడు హాషిల్ గబగబా. మహా అయితే మేకపిల్లను అడుగుతుందనుకున్నాడు పాపం.

"నాలుగు తలుపుల బండి కొనమని అడగను నాయనా. నీ పని నీకు తెలుసు. నీకు నచ్చిందే కొనుక్కో. ఒక్కటే అడుగుతున్నా. మౌజా బండెక్కిన రోజున నీ చోటు వెనక."

"మరి బండెవరు నడుపుతారు?"

"దానికి లైసెన్సుంది. తాళంచెవే నీ జేబు దాటి రాలేదు."

మాట ఇచ్చేశాడు. గుబైషా కాఫీ ఒక్క గుక్కలో తాగి, చాలన్నట్టు కప్పు ఊపి ఇచ్చింది. దర్వీష్ పగలబడి నవ్వబోయి, ఆమె చూపు తనవైపు తిరిగేసరికి అన్నం మీద పడ్డాడు.

సాయంత్రం ఆమెను దిగబెట్టడానికి పాత బండిలోనే బయల్దేరారు. మౌజా నడిపింది, తల్లి ముందు సీట్లో. వెనక హాషిల్, ముగ్గురు పిల్లలు. దర్వీష్‌కు ఆ రోజు చోటు దొరకలేదు. మోకాళ్ళు చెవులకు తగులుతుంటే అతను మడత మంచంలా ముడుచుకున్నాడు. ఆ ఛాసిస్ మీద నమ్మకం లేక నేను నా పికప్‌లో వెనకాలే వెళ్ళాను.

వాసిల్‌లో వాకిట్లోనే బంధువులున్నారు. తల్లీ కూతుళ్ళు దిగారు. తలుపులు టపటపా పడ్డాయి.

"ఎలా ఉన్నావే మౌజా?"

"దేవుడి దయ. మీరెలా ఉన్నారు? పిన్నీ, నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఒంటె ఈనిందా?"

ఒంటె ఈనిందట. దాని పిల్ల రంగు గురించే చాలాసేపు నడిచింది. పిల్లలు సీట్ల మధ్య సందులోంచి దూరి, ముందు తలుపు తెరిచి బయటపడి, తల్లి చేసినట్టే తలుపు వేసేశారు. హాషిల్ వెనక అద్దం దించబోయాడు. ఆ బండికి వెనక అద్దాలు దిగవు. ముందు సీటు మడిచే మీట అవతలి వైపుంది, చేయి అందదు. నేను వెళ్ళి తీద్దామనే అనుకున్నాను. గుబైషా నా వైపు ఒక చూపు చూసింది. నేను నా పికప్ టైర్లలో గాలి చూసుకున్నాను.

చివరికి అతను ముందు సీటు మీదుగా పాకాడు. సగం దాటాక ఇరుక్కుపోయాడు. మోచేయి హారన్ మీద పడి అది ఆగకుండా మోగింది.

"ఏంటా గోల?" అంది పిన్ని.

"ఏం లేదు. అల్లుడు సలాం చెబుతున్నాడు" అంది గుబైషా. "వానలేమైనా పడ్డాయా?"

ఊళ్ళో ఎంతమంది బండ్లనో లాగిన మనిషిని కాళ్ళు పట్టుకుని లాగింది నేనూ, పిన్ని కొడుకూ. తలపాగా వెనక సీట్లోనే ఉండిపోయింది. నిలబడి దులుపుకున్నాడు. తిట్టడానికి నోరు తెరిచాడు, ఎవరిని తిట్టాలో తోచలేదు. మౌజా దగ్గరికెళ్ళి తక్కువ గొంతుతో అడిగాడు.

"ప్రతిసారీ ఇంతసేపా?"

"ఇవాళ తొందరగానే అయింది" అందామె.

పొడుగు బండి కొన్నాడు. అత్తగారు అతన్ని ఆ మాట నుంచి వదిలేసింది, స్టీరింగు అతనికి తిరిగొచ్చింది. స్ప్రింగులు ఎత్తు పెంచాను, అడుగున మందపాటి రేకు వేశాను. తిన్నె కొసను నిటారుగా కాకుండా ఏటవాలుగా దాటడం కొత్తగా నేర్చుకోవాలి, పాత చేతులు అంత తేలిగ్గా మాట వినవు.

విననే లేదు. కుటుంబమంతా బయల్దేరిన మొదటి వారమే అలవాటుకొద్దీ నిటారుగా ఎక్కించాడు. బండి తిన్నె కొస మీద తక్కెడ కర్రలా ఊగి ఆగిపోయింది. దర్వీష్ ఆనందంగా నాతో సహా అందరికీ ఫోన్లు చేశాడు. హాషిల్ తిట్లు తిన్నవాళ్ళంతా తాళ్ళతో పరుగున వచ్చారు, వాళ్ళ మొహాల్లో అంత వెలుగు పండక్కి కూడా చూడలేదు. వచ్చారు గానీ, మర్యాద మర్యాదే. ముందు ఖబర్లు.

"సలాం హాషిల్! ఎలా ఉన్నావు? ఇంట్లో ఎలా ఉన్నారు? బండి ఎలా ఉంది?"

వెనక తలుపు తెరుచుకుంది. మౌజా దిగింది. పిల్లల్ని దింపింది, పార తీసుకుంది, బండి పొట్ట కింద ఇసుక తోడడం మొదలుపెట్టింది. మగవాళ్ళు వానల దాకా వచ్చేసరికి ముందు చక్రాలు నేలకు ఆనాయి.

"ఖబర్లు అయ్యాక చెప్పండి, బండి నెడదాం" అంది పార ఇసుకలో గుచ్చి.