హిందూపురంలో నేను గీసిన నీడ

పోయిన నెల మా ఆడపడుచు కూతురి పెళ్లిపత్రికలో కల్యాణ మండపం పేరు చూడగానే పోకూడదనుకున్నాను. ఏదో ఒక వంక చెబుదామనుకుని కూడా, ఈ వయసులో ఒక భవనం మీద కోపంతో చుట్టరికం చెడగొట్టుకుంటే నలుగురూ నవ్వుతారని పట్టుచీర కట్టుకుని హిందూపురం బస్సెక్కాను. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒబ్బట్టు మీద నెయ్యి వేయించుకుంటూ, "హాలు శానా బాగుండాది కదమ్మా, చల్లగా. ఏ పుణ్యాత్ముడు కట్టించినాడో!" అంది. నేను తల ఊపి ఒబ్బట్టు తుంచుకున్నాను. అది పెళ్లిళ్ల కోసం అనుకున్న హాలు కాదు. చింతపండులో గింజలు తీసే ఆడవాళ్లు కూర్చోవడానికి అనుకున్న షెడ్డు. దాన్ని మొదట గీసింది నేను.

అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. మాది పెనుకొండ. ధర్మవరంలో ఒక ఇంజనీరు దగ్గర ప్లాన్లు గీసే ఉద్యోగం. రోజూ ప్యాసింజరు రైల్లో రాకపోకలు. రైలు నాకంటే సోమరిది కాబట్టి ఆలస్యమైనప్పుడల్లా నేరం దాని మీద వేసేదాన్ని. ఆఫీసులో ఎక్కువగా మగ్గాల ఇళ్ల ప్లాన్లే గీసేవాళ్లం. ముందు గదిలో మగ్గం, వెనక వంటిల్లు, ఆ రెంటి మధ్య మనుషులు ఎక్కడ పడుకుంటారో యజమాని కూడా అడిగేవాడు కాదు. మా సారు మాత్రం అడిగేవాడు. ఆ ఒక్క గుణానికే ఆయనంటే నాకు గురి. "గీత కంటే ముందు మాట రావాలమ్మా. ఈ కట్టడం ఎందుకో ఒక్క మాటలో చెప్పు. చెప్పలేకపోతే పెన్సిలు కింద పెట్టు" అనేవాడు. కాన్సెప్టు అన్న ముక్కకు అంతకంటే మంచి అర్థం నాకు ఆ తర్వాత ఎవరూ చెప్పలేదు.

హిందూపురం పెద్దమనుషులు కొందరు సంఘంగా ఏర్పడి, చింతపండు పని చేసే ఆడవాళ్లకు ఒక షెడ్డు కట్టించాలని మా సారు దగ్గరికి వచ్చారు. సారు ఆ పని నాకు ఒప్పజెప్పాడు. నేను ఉబ్బిపోయి వారం తిరక్కముందే చింతకాయలా వంకర తిరిగిన కప్పు, కాయ కణుపుల్లా లోపల గదులు గీసి పట్టుకుపోయాను. సారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కప్పు చింతకాయైతే లోపల కూచునే ఆడోళ్లు గింజలామ్మా?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. "పో, ఆడికే పోయి కూచో. వాళ్లకు ఏం కావాల్నో కనుక్కోని రా" అన్నాడు.

అక్కడ కూర్చోవడానికి నాకు మనిషి ఉంది. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, హిందూపురంలో చింతపండు పనే చేసేది. పెదనాయన పోయాక ఆ పనితోనే సంసారం ఈడ్చింది. గోనెపట్టా మీద ఒక కాలు చాపుకుని కూర్చుని, రాతి మీద పండు పెట్టి చిన్న సుత్తితో కొడితే గింజ ఎగిరి అవతల పడేది. వేళ్లు పులుపుకు పగిలి నల్లబడి ఉండేవి. నాకు జడ వేసినప్పుడు తలంతా చింతపండు వాసన వేసేది. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా, రెండు వరసల అంగళ్ల మధ్య ఆమె ఉండే సందులో ఆడవాళ్లందరిదీ అదే పని.

నేనూ ఒక సుత్తి పట్టుకుని పక్కన కూర్చున్నాను. గింజల కంటే నా వేళ్ల మీదే ఎక్కువ దెబ్బలు పడ్డాయి. పొద్దున తూర్పు వరస అంగళ్ల నీడలో కూర్చున్న ఆడవాళ్లు, ఎండ జరిగే కొద్దీ పట్టాలు, రాళ్లు, బుట్టలు ఈడ్చుకుంటూ జరిగారు. మధ్యాహ్నం నీడే లేదు. తడిగుడ్డ నెత్తిన వేసుకుని అట్లే కొట్టారు. పొద్దు వాలాక అందరూ లేచి పడమటి వరసకు మారారు. మారేటప్పుడు జాగా కోసం పెద్ద జగడం. ఒకామె మా పెద్దమ్మ రాయిని కాలితో నెట్టేసింది. పెద్దమ్మ దాన్ని మళ్లీ సర్దుకుంటూ, "దినామూ ఇంతే పాపా. పని చేసేదాని కంటే నీడెంబడి జరిగేదే ఎక్కువ. లేచి కూచొని, లేచి కూచొని నడుము ఇరిగిపోతాది" అంది.

తిరుగు రైల్లో పెనుకొండ కొండ కనబడే వేళకు మాట దొరికింది. పొద్దున కూర్చున్న మనిషి సాయంత్రం దాకా లేవకుండా నీడలో ఉండాలి. అంతే. ఆ మాట దొరికాక మిగతాదంతా దానంతటదే వచ్చింది. తూర్పు పడమరల కప్పు కిందికి వంచాను, ఉత్తరం వైపు తెరిచాను, పులుపు మరక కనబడకుండా నేలకు నల్ల కడప బండలు అనుకున్నాను. సారు ఈసారి కాగితాన్ని అటూ ఇటూ తిప్పకుండా ఒక్కో గీత మీదా వేలు పెట్టి చూశాడు. తర్వాత, "ఇది నిలబడతాది" అన్నాడు. అట్టముక్కలతో నమూనా చేసి హిందూపురం తీసుకుపోతే ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. పెద్దమ్మ అట్ట గోడ పక్కన వేలు పెట్టి, "ఈడ నేను కూచుంటా. ముందే చెప్తాండా, మళ్లీ ఎవురూ జగడానికి రావద్దు" అంది. ఆ తర్వాత కనబడిన వాళ్లందరికీ "మా పాపే గీసింది" అని చెప్పుకుంది.

సంఘం సమావేశంలో అధ్యక్షుడు నమూనాను పక్కకు జరిపి కాఫీ కప్పు పెట్టుకున్నాడు. "అంతా బాగుండాది గానీ, ముందర చూస్తే గోడౌన్ మాదిరి ఉండాది కదప్పా. రోడ్డు మింద పోయేటోళ్లకు ఏం కనపడాల?" అన్నాడు. ముందు ఒక ఆర్చీ రావాలన్నారు. లోపల వేదిక, నాలుగు వైపులా గోడలు, అద్దాల కిటికీలు, తెల్ల టైల్సు కావాలన్నారు. ఏడాదిలో మూడు నెలలే చింతపండు, మిగతా నెలలు ఖాళీగా ఎందుకుండాలని ఒకాయన అడిగాడు. నేను లేచి, టైల్సు మీద చింతపండు ఎట్లా కొడతారని అడిగాను. మా సారు వైపు చూశాను. ఆయన తల దించుకుని వాళ్లు చెప్పినవన్నీ రాసుకుంటున్నాడు.

బయటికొచ్చాక, "నీ కాన్సెప్టు యాడికీ పోదులేమ్మా, ఇంగో పనికి వాడుకుందాం" అన్నాడు.

"ఇంగో పనిలో మా పెద్దమ్మ కూచోదు సార్" అన్నాను. మర్నాటి నుంచి ఆ ఆఫీసుకు పోలేదు. నాయన తిట్టాడు, అమ్మ బతిమాలింది. సారు తర్వాత ఎక్కడైనా ఎదురైతే పలకరించేవాడు, నేనూ పలికేదాన్ని. కానీ ఆయన నేర్పిన మాటను తన ముందే వాళ్లు కాలరాస్తుంటే ఆయన ఊరుకున్నందుకు నాకు ఈరోజుకీ మనసు విరిగే ఉంది.

భవనం లేచింది. ప్రారంభం రోజు ఆడవాళ్లను ముందు వరసలో కూర్చోబెట్టి ఫోటోలు తీశారు. మర్నాడు వాళ్లు గోనెపట్టాలు, రాళ్లు తీసుకుని పోతే గేటు దగ్గర కాపలా మనిషి, "టైల్సు పగుల్తాయి, మరకలైతాయి. సంఘం సారోళ్లు వద్దన్నారు" అని తిప్పి పంపాడు. ఆర్చీ మీద మాత్రం శ్రామిక మహిళా భవనమని పెద్ద అక్షరాలు. కొన్నేళ్లకు అవీ చెక్కేసి కల్యాణ మండపమని రాయించారు.

సందులో ఆడవాళ్లు పెద్దమ్మను వదల్లేదు. "ఏమక్కా, నీ జాగా యాడుండాది? మీ పాప ఎవురి కోసరం గీసిండె?" అని రోజూ ఎత్తిపొడిచేవాళ్లు. ఈ సంగతి నాకు ఆమె చెప్పలేదు, చాలాకాలం తర్వాత పక్కింటామె చెప్పింది. నేను పోయినప్పుడల్లా పెద్దమ్మ జొన్నరొట్టె కాల్చి పెట్టేది, పెళ్లెప్పుడని అడిగేది, షెడ్డు మాట ఎత్తేది కాదు. ఒక్కసారి నేనే ఉండబట్టలేక, "నా మీద కోపమా పెద్దమ్మా?" అన్నాను. "నీ మింద కోపం ఏంటికి పాపా? అయితాదని నమ్మితిని చూడు, నా మిందే నాకు సిగ్గు" అంది. అంతకంటే ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నడుము పూర్తిగా వంగిపోయేదాకా ఆ సందులోనే కొట్టింది. ఇప్పుడు లేదు. ఆమెను ఎత్తిపొడిచిన వాళ్లలోనూ సగం మంది లేరు.

ఆ కట్టడం ఎవరి కోసం మొదలైందో తెలిసినవాళ్లం ఏటేటా తరిగిపోతున్నాం. ఇంకొన్నేళ్లు పోతే, అది మొదటి నుంచీ పెళ్లిళ్లకే కట్టిన హాలవుతుంది, కాదనే మనిషి ఒక్కరూ మిగలరు.